ఫోల్డర్ మాయమైతే ముందు తహ్‌ఖీక్, తర్వాతే ఇల్జామ్



ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నాను. పేరుకు కంప్యూటరే గాని, అసలు మసలా మన ఇళ్లది.

ఇప్పుడు మన ఇళ్లలో చాలా చోట్ల ఇదే హాల్. కింద గదిలో అబ్బా వాడే పాత కంప్యూటర్ ఒకటి. పైన తమ్ముడి ల్యాప్‌టాప్. పిల్లల చదువులకు ఇంకొకటి. అన్నిటికీ ఒకే వైఫై. ఇంటి కాగజాత్ అన్నీ, అంటే దస్తావేజులు, పాస్‌పోర్టులు, నికాహ్‌నామాలు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పెట్టి, అన్ని కంప్యూటర్ల నుంచి కనిపించేలా షేర్ చేసి ఉంటారు. ఆ ఫోల్డర్ ఒక రోజు కనిపిస్తుంది, ఇంకో రోజు కనిపించదు. మళ్లీ రెండు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ గాయబ్.

గాయబైన రోజు ఇంట్లో మొదట వచ్చే సవాల్ ఏమిటి? "ఎవరు ముట్టుకున్నారు?"

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఆ సవాలే గలత్. "ఎవరు" అని అడగకండి, "ఎప్పుడు" అని అడగండి. "ఎవరు" అని అడిగిన ఇంట్లో ఒక మనిషి దిల్ విరుగుతుంది, ఫోల్డర్ మాత్రం దొరకదు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఆ గలతీ చేసింది నేనే.

సంగతి ఇది. అబ్బా, అమ్మీల హజ్ ఫారం నింపుతున్నాం. రాత్రి పదిన్నర అయింది. గడువు ఇంకా రెండు రోజులుంది. పాస్‌పోర్ట్ స్కాన్, ఫొటోలు, బ్యాంకు చెక్ కాపీ అన్నీ కింద కంప్యూటర్లోని "కాగజాత్" ఫోల్డర్లో ఉన్నాయి. పైన ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఫోల్డర్ లేదు. కంప్యూటర్ పేరు కనిపిస్తోంది, దాని లోపల మా ఫోల్డర్ పేరు లేదు. అబ్బా నిద్రపోయారని కిందికి వెళ్లి లైటు వెయ్యలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆ ఫోల్డర్ తెరిచింది మా తమ్ముడి భార్య. మా ఇంట్లో ఆమెను అందరం దుల్హన్ అనే పిలుస్తాం. డీటీపీ పని తెలిసిన పిల్ల. ఇంట్లో స్కానింగ్ అంతా ఆమే చేస్తుంది. నేను నలుగురి ముందు అడిగేశాను, "దుల్హన్, ఏం డిలీట్ చేశావమ్మా?" అని.

"నేనేం చెయ్యలేదు భాయిజాన్" అంది. నేను ఇంకో మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

పొద్దున అబ్బా లేచాక కంప్యూటర్ రీస్టార్ట్ చేశాం. ఫోల్డర్ వచ్చింది. అన్ని ఫైళ్లూ అలాగే ఉన్నాయి. అప్పుడైనా నాకు షరమ్ రావాలి కదా? రాలేదు. "రాత్రికి రాత్రి రీసైకిల్ బిన్‌లోంచి తీసి పెట్టి ఉంటుంది" అనుకున్నాను. బద్‌గుమానీ పని ఇలాగే ఉంటుంది. సుబూత్ ఎదురుగా నిలబడ్డా దాన్ని కూడా ఇల్జామ్‌లోకే కలిపేసుకుంటుంది. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, నెట్‌వర్క్ మీద నుంచి షేర్ ఫోల్డర్లోని ఫైలును డిలీట్ చేస్తే అది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి రానే రాదు. నేరుగా పోతుంది. అంటే నేను మనసులో వేసిన ఇల్జామ్ జరగడానికే వీల్లేనిది.

ఆ రోజు నుంచి మూడు వారాలు దుల్హన్ కంప్యూటర్ ముట్టలేదు. ఆ మూడు వారాల్లో ఫోల్డర్ ఇంకో నాలుగుసార్లు గాయబైంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ఇళ్లలో జరిగే సగం జుల్మ్ ఈ యంత్రం ఎలా పని చేస్తుందో తెలియకపోవడం వల్లే జరుగుతోంది.

షేర్ ఫోల్డర్ అంటే ఫైళ్లు కావు. ఫైళ్లు హార్డ్ డిస్కులో ఉంటాయి. షేర్ అనేది వాటికి పెట్టిన ఒక దర్వాజా, ఆ దర్వాజా మీద రాసిన పేరు. పేరు చెరిగిపోయినంత మాత్రాన ఇల్లు కూలినట్టు కాదు. పైన ల్యాప్‌టాప్‌లో కనిపించలేదంటే దారి తెగింది అని మాత్రమే అర్థం. ఆ దారి తెగే చోట్లు చాలా ఉన్నాయి. అందులో ఒకటి కూడా "ఎవరో డిలీట్ చేశారు" కాకపోవచ్చు.

ఇంకో సంగతి. విండోస్‌లో "నెట్‌వర్క్" అని నొక్కితే కనిపించే కంప్యూటర్ల జాబితాను మనం చాలా నమ్ముతాం. నమ్మదగ్గది కాదు అది. పాత విండోస్‌ల కాలంలో ఇంట్లోని కంప్యూటర్లు తమలో తామే ఎన్నిక పెట్టుకుని ఒకదాన్ని పెద్దగా ఎన్నుకునేవి. మిగతావి దానికి హాజిరీ చెప్పేవి, మామూలుగా 12 నిమిషాలకు ఒకసారి. మూడు హాజిరీలు తప్పితే, అంటే 36 నిమిషాలు గడిస్తే, అప్పుడు ఆ పేరు జాబితాలోంచి పోయేది. అంటే ఆపేసిన కంప్యూటర్ పేరు ఇంకా కనిపించేది, నడుస్తున్న కంప్యూటర్ పేరు కనిపించకపోయేది. ఆ పెద్ద కంప్యూటర్‌ను ఆపేస్తే మళ్లీ ఎన్నిక. ఆ మధ్యలో జాబితా అంతా గందరగోళం. ఇప్పటి విండోస్‌లో పద్ధతి మారింది. ప్రతి కంప్యూటరూ "నేనున్నాను" అని తానే ప్రకటించుకోవాలి. ఆ ప్రకటన చేసే సర్వీసు పేరు ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్. అది నడవకపోతే కంప్యూటర్ నిక్షేపంగా ఉంటుంది, షేర్ కూడా ఉంటుంది, జాబితాలో మాత్రం ఉండదు. మసీదులో అజాన్ మైకు పాడైతే నమాజ్ ఆగిపోయిందని అర్థం కాదు కదా. ఇదీ అంతే.

మరి ఇలాంటప్పుడు మనం ఏం చేస్తున్నాం? మూడు రకాల మనుషులు బయల్దేరుతున్నారు. ముగ్గురితోనూ నాకు జగడం ఉంది.

మొదటివాడు నాలాంటివాడు. కారణం తెలియకముందే ముజ్రిమ్‌ను తేల్చేవాడు. ఇంట్లో ఎవరి మాట తక్కువ చెల్లుతుందో వాళ్ల మీదే మన షక్ పడుతుంది. కోడలో, చదువుకునే పిల్లో, ఇంటర్ చదివే కుర్రాడో. "మొబైల్ పిచ్చోళ్లు, ఏదో నొక్కేసి ఉంటారు" అంటాం. ఇంటి పెద్ద నొక్కి ఉంటాడని ఎవరికీ అనిపించదు.

రెండోవాడు రీస్టార్ట్ సాబ్. ఏం తకలీఫ్ వచ్చినా "ఆపి, ఆన్ చెయ్" అంటాడు. ఆయన మాట విన్నప్పుడల్లా ఫోల్డర్ వస్తుంది. అందుకే ఆయన ఖతర్‌నాక్. వచ్చిందని సంతోషించి మనం కారణం వెతకడం మానేస్తాం. నిజానికి రీస్టార్ట్‌తో సరైపోవడం కూడా ఒక సుబూతే. రీస్టార్ట్ తర్వాత ఏం మారింది, అంతకు ముందు ఏం తేడా ఉంది అని అడగాలి. మేం అడగలేదు.

మూడోవాడు రిపేరుకు పిలిస్తే వచ్చే మనిషి. అందరూ అలాంటివాళ్లని అనను, మంచి హునర్ ఉన్నవాళ్లు ఉన్నారు. మా ఇంటికి వచ్చినతను మాత్రం పది నిమిషాల్లో నాలుగు పనులు చేశాడు. ఫైర్‌వాల్ ఆపేశాడు. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా తెరిచేలా పెట్టాడు. అందరికీ రాసే, చెరిపే ఇఖ్తియార్ ఇచ్చేశాడు. చివరికి ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతిని మళ్లీ ఆన్ చేశాడు. తర్వాత రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్ వచ్చింది. అయిదు వందలు తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగో రోజు ఫోల్డర్ మళ్లీ గాయబ్.

ఆ నాలుగో పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఈ ఇలాజే చేస్తున్నారు. ఎస్‌ఎంబీ అంటే కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునేటప్పుడు మాట్లాడుకునే జబాన్. 1 అనేది దాని పాత రూపం. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఈ పాత రూపంలోని లోపం గుండానే. ఆ లోపాన్ని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కూడా కొన్నిటికి అది తగిలింది. ఒక్క కంప్యూటర్లో చేరితే చాలు, ఎవరూ ఏమీ నొక్కకుండానే పక్క కంప్యూటర్లకు పోయేది. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగేది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి ఎస్‌ఎంబీ 1ను మామూలుగా పక్కన పెట్టేశారు. మన రిపేరు మనిషి దాన్నే వెతికి మరీ బయటికి తీశాడు. ఫోల్డర్ కనిపించట్లేదని దర్వాజా, కిటికీలు, ప్రహరీ గేటు అన్నీ తెరిచి పెట్టి పోవడం ఇలాజా? ఇంటి కాగజాత్ అమానత్. అమానత్‌ను ఇలాగా కాపాడేది?

సరే, మా ఇంట్లో అసలు కారణం ఎలా దొరికింది? నేను కనిపెట్టలేదు. దుల్హన్ కనిపెట్టింది.

ఒక రోజు నేను విసుక్కుంటూ ఉంటే వంటింట్లోంచే అంది, "భాయిజాన్, కరెంట్ పోయి వచ్చిన రోజే అది పోతోంది" అని. నేను ఆగిపోయాను. కరెంట్ ఎప్పుడు పోయిందో, ఎంతసేపు పోయిందో ఇంట్లో అందరికన్నా బాగా తెలిసేది వాళ్లకే. మిక్సీ ఆగిపోతుంది, మోటారు ఆగిపోతుంది, ట్యాంకు నిండదు. ఆమె వంటింటి క్యాలెండర్ మీద మోటారు కోసం కరెంట్ కోతలు గుర్తు పెట్టుకుంటోంది. నేను ఫోల్డర్ పోయిన తేదీలు చెప్పాను. చూస్తే నాలుగింట్లో నాలుగూ కలిశాయి. మొదటిసారి, హజ్ ఫారం రాత్రి కూడా, సాయంత్రం అరగంట కరెంట్ పోయింది.

అప్పుడు ఇద్దరం కూర్చున్నాం, తమ్ముడూ వచ్చాడు. కింద కంప్యూటర్లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి ఉంటుంది. కంప్యూటర్ తన రోజువారీ హాల్ అంతా అందులో రాసుకుంటుంది, టైముతో సహా. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్ అని తెరిచి, కరెంట్ వచ్చిన సమయానికి వెళ్లాం. 2511 నంబరుతో ఒక హెచ్చరిక ఉంది. ఫలానా డైరెక్టరీ లేదు కాబట్టి "కాగజాత్" అనే షేర్‌ను తిరిగి ఏర్పాటు చెయ్యలేకపోయాను అని దాని సారాంశం. ప్రతి కోత తర్వాతా అదే హెచ్చరిక. కంప్యూటర్ తన గవాహీ తాను రాసి పెట్టింది. అది చదవకుండానే నేను ఫైసలా చెప్పేశాను.

డైరెక్టరీ ఎందుకు లేదు? మేం కాగజాత్ పెట్టింది బయట తగిలించిన హార్డ్ డిస్కులో. దానికి వేరే అడాప్టర్, వేరే వైరు. కరెంట్ రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యేలా సెట్టింగ్ ఉంది. పాత డిస్క్ తిరగడం మొదలుపెట్టి తయారయ్యేలోపే కంప్యూటర్ లేచి, షేర్లన్నీ ఏర్పాటు చేసుకునే సర్వర్ అనే సర్వీసును నడిపేస్తోంది. ఆ సర్వీసు వెళ్లి చూసేసరికి డిస్క్ ఇంకా లేదు. ఫోల్డర్ లేదనుకుని ఆ దర్వాజా వదిలేస్తోంది. నిమిషం తర్వాత డిస్క్ వచ్చినా మళ్లీ వెనక్కి తిరిగి చూడదు. అందుకే కింద కంప్యూటర్ ముందు కూర్చుంటే డిస్కూ, ఫోల్డరూ, ఫైళ్లూ అన్నీ కనిపిస్తాయి. పై నుంచి చూస్తే షేర్ లేదు. రీస్టార్ట్ చేస్తే ఎందుకు వచ్చేది? రీస్టార్ట్‌లో ఆ డిస్క్ కరెంట్ ఆగదు, అది అప్పటికే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి దొరికేది.

ఇంత చిన్న సంగతి. జిన్ లేదు, నజర్ లేదు, వైరస్ లేదు, దుల్హన్ చేతివాటం అసలే లేదు.

ఇలాజ్ కూడా చిన్నదే. ఫోల్డర్‌ను కంప్యూటర్ లోపలి డిస్కులోకి మార్చి, అక్కడి నుంచి కొత్తగా షేర్ చేశాం. బయటి డిస్కును కేవలం నకలు కోసం ఉంచాం. జుమ్మా రోజు తగిలించి, కాపీ చేసి, తీసి బీరువాలో పెడతాం. రిపేరు మనిషి తెరిచిన దర్వాజాలన్నీ మూశాం. ఫైర్‌వాల్ ఆన్, ఎస్‌ఎంబీ 1 తీసేశాం. ఆ తర్వాత కరెంట్ పోయినా ఫోల్డర్ పోలేదు.

మీ ఇంట్లో కారణం ఇదే అని నేననను. మీ కారణం వేరే ఉండొచ్చు. అందుకే ఇలాజ్ కన్నా ముందు అడగాల్సిన సవాళ్లు ఇస్తున్నాను. ఒక కాగితం తీసుకుని, ఫోల్డర్ పోయిన ప్రతిసారీ జవాబులు రాయండి. నాలుగుసార్లు రాస్తే దాదాపుగా దొరికిపోతుంది.

మొదటిది, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ఆ సమయానికి మేలుకుని ఉందా? చాలా ఇళ్లలో కారణం ఇదే. అరగంట ఎవరూ ముట్టకపోతే కంప్యూటర్ నిద్రలోకి పోయేలా ఉంటుంది. అది నిద్రపోతే షేర్ కూడా పోతుంది. ఎవరో వచ్చి మౌస్ కదిపితే మళ్లీ ప్రత్యక్షం. పవర్ సెట్టింగుల్లో ఆ కంప్యూటర్ వరకు స్లీప్ తీసెయ్యండి.

రెండోది, ఒక్కరికే కనిపించట్లేదా, అందరికీనా? అందరికీ అయితే ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ వైపు చూడండి. ఒక్కరికే అయితే వాళ్ల కంప్యూటర్ వైపు. రూటర్ మార్చినప్పుడో, వైఫై పేరు మార్చినప్పుడో విండోస్ దాన్ని కొత్త చోటుగా భావించి పబ్లిక్ నెట్‌వర్క్ అని రాసుకుంటుంది. పబ్లిక్ అంటే బస్టాండు లాంటి చోటు. అక్కడ ఎవరికీ కనిపించకుండా, ఏదీ పంచుకోకుండా ఉంటుంది. ఇల్లు కాబట్టి దాన్ని ప్రైవేట్ అని మార్చాలి. అలాగే కొందరి ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైకి కలిసి ఉంటుంది. ఇంకొన్ని ఇళ్లలో పై అంతస్తుకు సిగ్నల్ రావట్లేదని రెండో రూటర్ పెడతారు. దాన్ని సరిగ్గా కలపకపోతే అది తన కింద వేరే నెట్‌వర్క్ నడుపుతుంది. ఒక ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1తో మొదలై, ఇంకోదానిది 192.168.0తో మొదలైతే రెండూ వేరే వేరే మొహల్లాల్లో ఉన్నట్టు. మెట్ల దగ్గర ఏ సిగ్నల్ పట్టుకుంటే ఆ మొహల్లాలోకి పోతాయి. అందుకే అప్పుడప్పుడూ కనిపించి, అప్పుడప్పుడూ పోతాయి.

మూడోది, పేరుతో దొరకట్లేదా, చిరునామాతో కూడా దొరకట్లేదా? ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ఐపీ చిరునామా ముందే రాసి పెట్టుకోండి. జాబితాలో కనిపించనప్పుడు, ఫోల్డర్ల కిటికీ పైన ఉండే గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఆ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే షేర్ భేషుగ్గా ఉన్నట్టే, పేరు ప్రకటించడంలోనే తకలీఫ్. ఇందాక చెప్పిన సర్వీసును ఆటోమేటిక్‌గా మొదలయ్యేలా పెట్టండి. రూటర్ ఒక్కోసారి ఒక్కో చిరునామా ఇస్తుంటే, ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకటే ఇవ్వమని రూటర్లోనే ఖాయం చెయ్యొచ్చు.

నాలుగోది, దర్వాజా లేదా, తాళం పడిందా? ఫోల్డర్ పేరు కనిపించి, తెరవబోతే పాస్‌వర్డ్ అడిగి కాదంటుంటే అది గాయబ్ కావడం కాదు. కంప్యూటర్ తెరవడానికి నాలుగు అంకెల పిన్ వాడేవాళ్లు ఆ పిన్నే ఇక్కడా కొడతారు. ఇక్కడ పిన్ పనికిరాదు, ఆ ఖాతా పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ మార్చి ఉంటే, మిగతా కంప్యూటర్లలో దాచిన పాతదాన్ని క్రెడెన్షియల్ మేనేజర్‌లో మార్చాలి. ఇంకొకటి. డ్రైవ్ గుర్తు మీద ఎర్రటి ఇంటూ చూసి చాలామంది ఘబ్రాయిస్తారు. పావుగంట ఎవరూ వాడకపోతే ఆ కనెక్షన్ పక్కన పెట్టడం విండోస్‌కు అలవాటు. నొక్కి చూడండి, చాలాసార్లు తెరుచుకుంటుంది.

ఈ సవాళ్లలో ఎక్కడైనా "ఎవరు ముట్టుకున్నారు" అని ఉందా?

కొందరు నాతో అన్నారు, "భాయ్, ఇదంతా ఎందుకు? గూగుల్ డ్రైవ్‌లో పడెయ్యి, వాట్సాప్‌లో పంపుకో." ఒక నకలు బయట ఉండడం మంచిదే, నేను కాదనను. కాని గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది మెయిల్‌కీ ఫొటోలకీ కలిపి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. దస్తావేజు మీద సన్నని అక్షరాలు చదవలేం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పాస్‌వర్డ్ కూడా ఇంట్లో ఒక్క మగాడి దగ్గరే ఉంటే మసలా ఎక్కడికీ పోలేదు. మేఘాల్లోకి ఎక్కింది అంతే.

నా అసలు షికాయత్ ఇదే. మన ఇళ్లలో పని ఒకరిది, ఇఖ్తియార్ ఇంకొకరిది. స్కాన్ చేసేది దుల్హన్, పేర్లు పెట్టేది ఆమె, వెతికి ఇచ్చేది ఆమె. పాస్‌వర్డ్ మాత్రం నాది. ఏదైనా పోతే షక్ ఆమె మీద. జిమ్మేదారీ ఇచ్చి ఇఖ్తియార్ ఇవ్వకపోవడం, గలతీ జరిగితే మాత్రం ముందు ఆమెనే నిలబెట్టడం, దీనికి ఇన్సాఫ్ అని పేరెలా పెడతాం? ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఒక్కరికీ వేరే ఖాతా ఉంది. పిల్లలకు చూసే ఇజాజత్ మాత్రమే. రాసే, చెరిపే ఇఖ్తియార్ నాకూ దుల్హన్‌కూ ఉంది. అబ్బా పాస్‌వర్డ్ ఆయన డైరీలో ఉంది. రేపు నాకేదైనా అయితే ఇంటి కాగజాత్ నాతో పాటు ఖబర్‌లోకి రావు.

"కరెంట్ పోతే షేర్ పోయింది, దానికి దీన్ మాటలెందుకు" అని ఎవరైనా అనొచ్చు. ఎందుకంటే సూరహ్ హుజురాత్‌లో ఒక ఖబర్ వస్తే ముందు తహ్‌ఖీక్ చేసుకోమనీ, గుమాన్ నుంచి దూరంగా ఉండమనీ మనకు హుకుమ్ ఉంది. మనం దాన్ని పెద్ద పెద్ద ఫిత్నాలకే అని మస్జిద్‌లో వదిలేసి వస్తున్నాం. అది ఇంట్లోకి రావాలి. జుల్మ్ ఎక్కువగా జరిగేది చిన్న విషయాల్లోనే. పోయిన తాళంచెవి, విరిగిన కప్పు, తగ్గిన వంద రూపాయలు, కనిపించని ఫోల్డర్. ఇవన్నీ మనకు చిన్నవి. ఇల్జామ్ పడిన మనిషికి అవి చిన్నవి కావు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భరోసా పెట్టడం అని చిన్నప్పుడే నేర్చుకున్నాం. కట్టకుండా వదిలేసి, పోయాక పక్కవాణ్ని దొంగ అనడం తవక్కుల్ కాదు.

నేను దుల్హన్‌ను మాఫీ అడిగాను. ఇల్జామ్ నలుగురి ముందు వేశాను కాబట్టి మాఫీ కూడా ఆ నలుగురి ముందే అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రాత్రే కిందికి వెళ్లి చూసుంటే అయిపోయేది భాయిజాన్. పదహారు మెట్లు" అంది.

పదహారు మెట్లు దిగలేక నేను ఒక మనిషిని ముజ్రిమ్‌ను చేశాను. మీ ఇంట్లో ఎవరి మీదైనా ఇలాంటి ఇల్జామ్ ఇంకా మిగిలి ఉంటే, ఈరోజే వెళ్లి ఆ ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అందులో ఏం రాసి ఉన్నా, ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లండి.